పామిడి డౌనులో మామ ఇల్లు

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే మా మామ ఎనభైల మొదట్లో ఒక పాత డీజిల్ వ్యాను కొని దాన్ని ఇల్లు చేశాడు. లోపల రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, దేవుడి పటం, తల దువ్వుకోవడానికి అద్దం. ఎండాకాలం సెలవుల్లో అత్తనూ ఇద్దరు పిల్లలనూ అందులోనే మంత్రాలయం తీసుకెళ్లాలని ఆయన కోరిక.

"మీ మామ మాట నమ్మేదానికి లేదు నాయనా. గుత్తి దాకా పోయొచ్చి, బండి మంచిదో కాదో నువ్వు చెప్పు. నీ మాట మీదే పిల్లోళ్లను ఎక్కిస్తా" అంది అత్త.

ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. మామ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆయన లెక్కలో దాంతో బండి పరీక్ష పూర్తయింది.

ఏడింటికి అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మేం తినేలోగా బండి రెండు బిందెల నీళ్లు తాగింది. రేడియేటరు కారుతోంది. మామ, అత్త వ్యానులో సర్దిపెట్టిన వంట డబ్బాలోంచి గుప్పెడు పసుపు తీసి అందులో పోశాడు. చిన్న చిల్లులు దాంతో పూడతాయని డ్రైవర్ల నమ్మకం. పెళ్లికూతురికి కూడా అంత పసుపు పూయరు. కారడం కాస్త తగ్గిన మాట మాత్రం నిజం. ఈ దారిన వెళ్లేవారు తాగే నీళ్లు, బండి నీళ్లు వేరుగా పెట్టుకోవాలి. ఆ ఏడు కరువుకు బిందెడు నీళ్లు అడిగితే జనం మొహం చూసేవారు.

తొమ్మిది దాటాక పామిడి దగ్గర రోడ్డు పెన్న వైపు వాలుగా దిగింది. డీజిలు ఆదా అని మామ ఇంజను ఆపి బండిని న్యూట్రల్‌లో వదిలేశాడు.

"చూసినావా అల్లుడూ, పైసా ఖర్చు లేకుండా పోతాండాది!"

నేనూ నవ్వాను. అంతలో ఒక ముసలమ్మ గొర్రెల మందతో రోడ్డెక్కింది. మామ బ్రేకు తొక్కాడు. అది రాయిలా బిగుసుకుంది. రెండు కాళ్లతో తొక్కినా బండి ఆగలేదు. ముసలమ్మ చంకలో గొర్రెపిల్లతో ఉన్నచోటే నిలబడిపోయింది. మామ హ్యాండ్‌బ్రేకు లాగి స్టీరింగు పక్కకు తిప్పాడు. బండి చేనుగట్టెక్కి ఆగింది. ఆమెకు జానెడు దూరం.

"కండ్లు యాడ పెట్టుకున్నావప్పా? నేను సచ్చింటే ఈటిని ఎవరు మేపుతారు?" అంది ముసలమ్మ. మామ దిగి చేతులు జోడించాడు.

పామిడిలో మెకానిక్ బండి కిందినుంచి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"రేడియేటరు తప్ప దీనికి ఏ రోగమూ లేదన్నా. ఇంజన్ తిరిగితేనే బ్రేకుకు బలం. నువ్వు ఆపేస్తే అది యాడ పడ్తాది?"

రేడియేటరు బాగుచేసేందుకు బండిని అక్కడే వదిలి మధ్యాహ్నం రెండింటి బస్సెక్కాం.

"మీ అత్తకు ఏం చెప్తావురా?" అన్నాడు మామ, అనంతపురం దగ్గరపడ్డాక.

"బండి బాగలేదని చెప్తాలే మామా."

"అబద్ధం చెప్పొద్దు" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "బండి బాగానే ఉండాది, తోలేవాడే బాగలేడని చెప్పు. పిల్లోళ్లను బస్సులో పిల్చుకొని పోతా."