అవ్వ ఇచ్చిన మూడు గుమ్మడి గింజలు

మా చిన్నప్పుడు కోతల పండుగ నాడు చర్చిల అందరి కండ్లు ఒక్కదాని మీదనే... దేవదాసు మామ గుమ్మడికాయ. బోధన్ పక్కన మా ఊరు. ఎవరి పంట వాళ్లు తెచ్చి బలిపీఠం ముందర పెడుతుండె. మామ కాయను ఇద్దరు మోసుకొస్తుండె. మా అవ్వ కాయ ఆమె ఒడిల పట్టేంత.

"అంతా ఇత్తునంలనే, గింజలనే ఉంటది అవ్వా. నువ్వెంత పెంట ఎరువు పోసినా నీ కాయ గంతనే," అని మామ నవ్విండు. అవ్వ కూడా నవ్వింది. నాకే కాలింది.

అప్పుడు ఆరో తరగతి. చేతికి దొరికిన కరపత్రమల్ల చదివే పిచ్చి అప్పటిసందే ఉంది. వ్యవసాయ ఆఫీసోళ్లు పంచిన కాగితంల రాసి ఉన్నది... తీగకు ఒక్క పిందె ఉంచి తక్కినయి తుంచాలె, పొద్దుగాల మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రాయాలె, కాయ కింద ఎండాకు పరవాలె. పుట్టుకల ఏం లేదు, సాకుట్లనే ఉన్నదని తీర్మానం చేసుకున్న. అవ్వ గింజతోనే మామను ఓడగొట్టాలె.

అవ్వ బూడిదల కలిపి దాచిన గింజల్లకెళ్లి మూడు నా చేతుల పెట్టింది. "మా అమ్మ ఇచ్చినయి. పైలం, పోగొట్టకు."

అక్కడిదాక మంచిగనే ఉంది...

మామ నవ్విన ఆ పండుగ నాడే ఆయన కాయను కోసి అందరికి తలో ముక్క పంచిండ్రు. నా ముక్కల గింజలు కంపాస్ డబ్బల దాచుకున్న. నాటే రోజు భయమైంది. ఇంత కష్టపడ్డంక కూడా కాయ ఒడిల పట్టేంతనే అయితే? మామ నవ్వు మళ్ల వినాల్సొస్తది. డబ్బల గింజలే నాటిన. అవ్వ ఇచ్చిన మూడు... గట్టు మీద కూసొని, బూడిద దులిపి, ఒలుచుకొని తిన్న.

కష్టం మాత్రం అబద్ధం కాదు. పెంట మోసిన, పువ్వులు రాసిన. పిందెలు తుంచుతుంటే, "కూరకన్న రెండు ఉంచురా," అని అవ్వ తిట్టింది. చెరుకాకు పరుపు మీద ఒక్క కాయ పెరిగింది... పెరుగుతనే ఉంది...

మరుసటి పండుగకు ముగ్గురం మోసినం. మామ దాని చుట్టు తిరిగి చూసిండు. "ఇదేం ఇత్తునం అవ్వా?"

"మా అమ్మదే. మనుమడు సాకిండు."

అవ్వ చర్చిల అంత గట్టిగ మాట్లాడంగ నేనెన్నడు వినలే. నేను కాయకు అంటిన మట్టి తుడుచుకుంట నిలబడ్డ.

ఇంటికొచ్చినంక అవ్వ పాత గింజలన్ని ఏంచి మాకు పెట్టింది. "ఇగ గీ చిన్నయి ఎందుకు," అన్నది. కొత్త కాయ గింజలు దాచింది, అడిగినోళ్లకల్ల ఇచ్చింది. ఇయ్యాల నవీపేట్ దాక ఆ తీగలున్నయి. అందరు 'అవ్వ గుమ్మడి' అనే అంటరు.

మొన్న నిజామాబాద్‌ల దోస్తులతోని వాదన. పుట్టుకతోని ఎవడూ పెద్దోడు కాడని, ఎప్పటి తీర్గ ఈ కాయ ముచ్చటే చెప్పిన. ఒక చెల్లె మెల్లగ అడిగింది, "మరి ఇత్తునం ఎవరిది అన్నా?" బల్ల గుద్ది బయటికొచ్చేసిన. ఆమె అడిగినదాంట్ల తప్పేం లేదు.

సాకుడే పెద్దదని ఇంకా నమ్ముతున్న. కానీ రుజువు నా దగ్గర లేదు, నేనే తినేసిన. రెండు తీర్ల గింజలు పక్కపక్కన పెట్టి, ఒక్కటే పెంట, ఒక్కటే కాలువ నీళ్లు పోసి చూడాలని మనసు కొట్టుకుంటది...

ఇప్పుడు కోతల పండుగకు పోతే అన్ని కాయలు పెద్దయే, అన్ని ఒక్క తీర్గనే. ఒడిల పట్టేంత కాయ, ఆకుపచ్చ చారలది, తియ్యటిది... మీ ఇండ్లల్ల ఎవరన్న ఇంకా పెడుతున్నరా? మీ అవ్వలు బూడిదల ఏం గింజలు దాస్తుండె? చెప్పుండ్రి.

మా అవ్వకు చదువు రాదు. ఈ పోస్టు ఆమెకు చదివి వినిపించాల్సింది నేనే. ఇంకా వినిపించలే... ఆమె దగ్గరికి పోయేటప్పుడు ఆ చిన్న కాయ గింజలు మూడన్న నా చేతుల ఉండాలె.