ఎగైలా బౌలర్ని చూడబోయినప్పుడు

బౌలర్ని వికెట్ తీసినప్పుడు చూడకూడదు. సిక్సర్ తిన్నాక వేసే బంతికి చూడాలి. ఓవర్ అయ్యాక వాడు బంతి వదిలిన చోటికి పోయి నేల చూడాలి. స్కోరు షీటు చదవడం రాని రోజుల నుంచీ నా పద్ధతి ఇదే. యాభై దాటాక, ఈ కువైట్‌లోనే, అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు షీటు చదవగలను. అయినా నేలనే నమ్ముతాను.

హవల్లీలో ఒక బిల్డింగుకు నేను హారిస్‌ని. కాపలా, మెట్లు కడగడం, నీళ్ల మోటారు, అన్నీ నావే. మా కడప, అన్నమయ్య జిల్లాల వాళ్లు శుక్రవారాలు ఆడే క్రికెట్ టీముకు మనుషులను ఎంచే పని కూడా ఎవరూ అప్పగించకుండానే నా మీద పడింది. నాది మంచి నోరు కాదు. అందుకే నేను మొహమాటానికి అబద్ధం చెప్పనని వాళ్ల నమ్మకం.

ఈ ఏడు మాకు కొత్త బంతితో మొదలుపెట్టే బౌలర్ లేడు. ఉన్నవాడు చలికాలంలో పోయాడు. తిని పడుకున్నవాడు పొద్దున డ్యూటీకి లేవలేదు. లేపబోయింది తమ్ముడు. ఆ తమ్ముడే మా వికెట్ కీపర్. ఒకే గది, ఒకే కంపెనీ, ఒకే షటరింగ్ పని. అన్న వేసేవాడు, తమ్ముడు పట్టేవాడు. అన్న శవపెట్టెతో పాటు ఊరికి పోయి, కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. ఆట మానలేదు. కానీ ఒకప్పుడు మైదానంలో అందరికంటే ఎక్కువ అరిచినవాడు ఇప్పుడు నోరు తెరవడం లేదు. ఎవరు బంతి వేసినా వికెట్లకు ఎక్కడో దూరంగా, చుట్టపు చూపుగా వచ్చినవాడిలా నిలబడుతున్నాడు.

మా లీగులో ఆటగాడు టీము మారాలంటే మనిషికి మనిషిని ఇచ్చుకోవాలి. సీజన్ మొదలయ్యే లోపు ఇద్దరు కెప్టెన్లు ఒప్పుకుంటే ఖలాస్. మా కెప్టెన్ మొబైల్ షాపులో పనిచేస్తాడు. ముగ్గురు బౌలర్లను చూసి రమ్మని నన్ను పంపాడు.

మొదటివాడు సాల్మియాలో హోటల్ వంటమాస్టరు. బంతి వేగంగానే వస్తుంది. ఒక్క ఫోర్ కొడితే చాలు, ఆ తర్వాత కుళ్లిన ఉల్లిగడ్డను విసిరినట్టు విసురుతాడు. రెండోవాడు ఒక ఇంట్లో డ్రైవరు. మంచి బౌలరే. ఓవర్ మధ్యలో జేబులో ఫోన్ మోగింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు. "యల్లా, యల్లా" అని తొందరపెట్టే కేక నాదాకా వినిపించింది. బంతిని అంపైర్ చేతిలో పెట్టి కారెక్కి పోయాడు. శుక్రవారం తనది కాని మనిషిని తెచ్చుకుని మేమేం చేసుకుంటాం?

మూడోవాడు ఎగైలా అనే పేట టీములో ఉన్నాడు. కోనసీమ మనిషి, ఏసీ గొట్టాలు బిగించే పని, ముప్పై దాటి ఉంటాయి. వాడికి బదులుగా ఎగైలా వాళ్లు అడిగింది మా కీపర్ని.

"కీపర్ను ఇచ్చేస్తే మనకు మిగిలేదేంది?" అన్నాను కెప్టెన్‌తో.

"వాడు యాడ ఆడతాండాడు పెద్దాయనా? ఉన్నాడంటే ఉన్నాడు. ఆ బౌలరొస్తే కప్పు మనదే. నువ్వు చూసి ఒక్క మాట చెప్పు. నీ మాటే ఖాయం."

అంటే ఆ కుర్రవాడు మా దగ్గర ఉండేదీ పోయేదీ నా నోటి మాట మీద ఉంది. అన్న పోయాక వాడికి ఇక్కడ ఉన్నది మేమే. శుక్రవారం ఆడించి, మధ్యాహ్నం నా గదిలో కూర్చోబెట్టి ఇంత తినిపిస్తేనే వాడి వారం గడుస్తోంది. కొత్తవాళ్ల మధ్య పడేస్తే తింటాడో లేదో కూడా తెలియదు.

నేను ఎగైలా పోయిన పొద్దున దుమ్ము లేచింది. సూర్యుడు వేడి లేకుండా, తెల్లగా, రేకు బిళ్లలా వేలాడుతున్నాడు. మైదానం ఒక చివర నుంచి ఇంకో చివర కనబడటం లేదు. ముందు మాటలు వినిపించేవి, మనుషులు తర్వాత వచ్చేవారు. నేను వాళ్ల కీపర్ వెనక నిలబడ్డాను.

బౌలర్ కనబడక ముందే అడుగులు వినబడ్డాయి. ఒక అడుగు గట్టిగా పడుతోంది, ఇంకోటి రాసుకుంటోంది. దుమ్ములోంచి మనిషి బయటికొచ్చి, చెయ్యి తిప్పి, బంతి వదిలాడు. ఆ అడుగు నాకు తెలుసు.

పోయిన మా బౌలర్ కుడికాలి మీద ఒకప్పుడు షటరింగ్ రేకు పడింది. అప్పటి నుంచి బొటనవేలు వంగేది కాదు. బంతి వదిలేటప్పుడు ఆ వేలు మ్యాటు వెనక ఇసుకలో కొడవలిలా లోపలికి తిరిగిన గీత గీసేది. ఈ దేశంలో ఎంతోమంది బౌలర్ల అడుగులు చూశాను. అలాంటి గీత ఇంకొకరిది చూడలేదు.

ఓవర్ కాగానే అక్కడికి పోయి చూశాను. అదే కొడవలి. ప్రతి బంతికీ అదే చోట, ఒకదాని మీద ఒకటి పడి లోతుగా దిగింది. నేను చూస్తుండగానే గాలి దాన్ని ఇసుకతో పూడ్చింది. వాడు మళ్లీ వేశాడు, మళ్లీ వచ్చింది.

ఆట మధ్యలో నీళ్లు తాగడానికి ఆగినప్పుడు వాడి దగ్గరికి పోయాను.

"బూటిప్పు. కాలు చూపించు."

"కాలేంటండీ బాబూ! బౌలింగు చూడ్డానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?" అన్నాడు. నవ్వుతూనే ఇప్పాడు. వేళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, చక్కగా వంగుతున్నాయి.

"ఎప్పటినుంచి ఈడుస్తాండావు?"

వాడి నవ్వు ఆగింది. "అదే తెలవట్లేదండీ. ఊళ్లో ఆడేటప్పుడు ఇలా లేదు. మొన్న చలికాలంలో మొదలైంది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, ఏం లేదన్నారు. నడిస్తే బానే ఉంటదండీ. బంతి చేతిలోకొస్తేనే."

"హవల్లీ టీముతో ఎప్పుడన్నా ఆడినావా?"

"లేదండీ. అప్పుడు నాకు శుక్రవారాలు డ్యూటీ." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటి చెప్తాను, నవ్వకండే. పరిగెత్తేటప్పుడు మా కీపర్ కనపడడండి నాకు. ఇంకెవరో వికెట్లకి బాగా దగ్గరగా కూర్చున్నట్టుంటది. వాడికే వేస్తన్నానండీ. బంతులు బాగా పడతన్నాయి కదాని ఊరుకున్నాను."

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఎండాకాలం అందరూ ఊళ్లకు పోయాక అంత పెద్ద బిల్డింగులో ఒక్కణ్ణే పడుకుని లేచేవాణ్ణి. కానీ ఆ రోజు తిరుగు బస్సులో నా స్టాపు దాటిపోయింది కూడా చూసుకోలేదు. ఇంకోసారి చూడాలని మాత్రం కెప్టెన్‌కు చెప్పాను.

తర్వాతి శుక్రవారం మా కీపర్ని వెంటబెట్టుకుని పోయాను. చూసిందేదీ వాడికి చెప్పలేదు.

"నన్ను అమ్మేదానికి నన్నే తోలకపోతాండావా పెదనాయనా?" అన్నాడు బస్సులో.

"నిన్నెవడు కొంటాడురా. ఒక్క ఓవర్ వికెట్ల ఎనక నిలబడు, చాలు."

ఆ రోజు గాలి లేదు. మైదానం అవతల మేడల మీద ఆరేసిన బట్టలు కూడా కదలడం లేదు. మావాడు అలవాటుగా వెనక్కి, దూరంగా పోయి నిలబడ్డాడు. కోనసీమవాడు పరుగెత్తాడు. ఆ అడుగుల చప్పుడుకు మావాడి తల లేచింది. బంతి వచ్చి గ్లవ్స్‌లో పడింది. దాన్ని తిరిగి విసరడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉన్నాడు.

తర్వాత నడుచుకుంటూ ముందుకొచ్చి వికెట్లకు ఆనుకున్నట్టు కూర్చున్నాడు.

"ఏంటి బాబూ, మీద పడిపోతన్నావ్?" అన్నాడు బ్యాట్స్‌మన్. మావాడికి వినబడలేదు.

బౌలర్ పరుగు మధ్యలో ఆగిపోయాడు. వికెట్ల వైపు కాసేపు చూశాడు. వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాడు. బంతి వాడి చేతిలో ఉండగానే మావాడి గ్లవ్స్ పక్కకు జరిగాయి. బంతి అక్కడికే వచ్చింది. మావాడు మోకాళ్ల మీదికి వంగాడు, నెమ్మది బంతి పడింది. లేచి నిలబడ్డాడు, ఎత్తు బంతి వచ్చింది. చేతులు ముందు పోతున్నాయి, బంతి వాటిని వెతుక్కుంటూ వస్తోంది.

"అట్ల! అట్లనే ప్పా! ఇంగోటి!" అని మావాడు అరిచాడు.

చలికాలం నుంచీ ఆ గొంతు నేను వినలేదు. సంతోషించాల్సింది పోయి భయమేసింది. ఆ పిలుపు ఎవరికి పోతోందో నాకు తెలుసు.

ఓవర్ అయ్యాక మావాడు నా దగ్గరికి వచ్చాడు. ముఖం చెమటతో మెరుస్తోంది.

"నన్ను ఇచ్చేయ్ పెదనాయనా."

"నిన్ను ఇస్తే అతను మన టీముకొస్తాడు. నువ్వీడ, అతనాడ. తెలుస్తాందా?"

"మార్పిడి వద్దు. ఊరకనే ఇచ్చేయ్. ఆయప్ప యాడుంటే నేనాడ."

"ఆయప్ప ఎవురనుకుంటాండావురా నువ్వు?"

గ్లవ్స్‌కు అంటిన ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాడు.

నేను పంపబోయేది బతికున్నవాడి దగ్గరికా, పోయినవాడి దగ్గరికా? నాకు తేలలేదు. తీసుకెళ్లి మళ్లీ నా గదిలో కూర్చోబెట్టుకోవచ్చు. వాడు కంచంలో వేళ్లు తిప్పుతూ కూర్చుంటాడు. అది కూడా ఎన్నో శుక్రవారాలుగా చూస్తున్నాను. అలా కూర్చున్నది మాత్రం బతికున్నవాడని ఎవరనగలరు?

కెప్టెన్‌కు ఫోన్ చేశాను.

"పనికొస్తాడా?" అన్నాడు.

"అంత మంచి బౌలర్ ఈ లీగులో ల్యాడు. తీసుకోవద్దు. కీపర్ను ఇచ్చేయ్."

"బదులెవరు?"

"ఎవురూ ల్యా."

"ఎండ దెబ్బ గానీ కొట్టిందా నీకు?"

"కొట్టిందనుకో. ఒక్క మాట చెప్పమన్న్యావు, చెప్పినా."

చాలాసేపు తిట్టాడు. నేనూ తిట్టాను. చివరికి "నీ మాటే ఖాయమని నోరు జారినా, నాదీ తప్పు" అని పెట్టేశాడు. ఎగైలా కెప్టెన్ మాత్రం బదులెవరూ అక్కర్లేదంటే నమ్మలేక నన్ను రెండు మూడుసార్లు అడిగాడు.

ఆట ముగిశాక వాళ్ల వ్యాను బయలుదేరబోతోంది. మావాణ్ణి వాళ్లతో వచ్చి భోంచేసి పొమ్మన్నారు. బౌలర్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. మావాడు సంచి పట్టుకుని తలుపు దగ్గర ఆగిపోయాడు. బౌలర్ కిటికీ వైపు జరిగి, పక్క సీటు మీద చేత్తో తట్టాడు.

"రా అబ్బీ, కూచ్చో. ఇంగ ఎంతసేపు నిలబడతావు?"

అచ్చం మా కడప మాట. వ్యానులో ఎవరూ పట్టించుకోలేదు. అన్నవాడికి కూడా తెలిసినట్టు లేదు. మరుక్షణమే డ్రైవర్‌తో "ఏసీ పెంచండే బాబూ, ఉడికిపోతన్నాం" అన్నాడు.

మావాడు నా వైపు చూశాడు. ఎక్కొద్దు అంటే ఎక్కేవాడు కాదు. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

వాడు ఎక్కి కూర్చునేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నేనే దాన్ని లాగి మూశాను.