మార్పు ఎక్కించే రోజు

మా బందరు ఆఫీసులో టీమ్ లీడ్ మేడంగారు జనం వాడుతున్న లైవ్ డేటాబేస్‌లోకి మార్పు ఎక్కిస్తున్నంతసేపూ కూర్చునేవారు కాదు. కుర్చీ వెనక్కి నెట్టేసి, చున్నీ కొస మెలిపెడుతూ కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగేవారు.

డేటాబేస్ టేబుల్‌లో ఒక్క కాలమ్ చేర్చాలన్నా ముందు ప్రాజెక్టులో కొత్త వెర్షన్‌గా రాయించి, పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లే స్క్రిప్టు కూడా నడిపి చూస్తేగాని ఒప్పుకునేవారు కాదు. ఇంత చేశాక ఇంకా ఆ కంగారెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

గిలకలదిండి రేవులో చేపల వేలం సాఫ్ట్‌వేర్ మారుస్తున్న పొద్దున ఉండబట్టలేక అడిగాను. "తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు కదండీ. కాసేపు కూర్చోండి."

ఆవిడ నడక ఆపలేదు. "టేబుల్‌ని వెనక్కి తిప్పొచ్చండీ. ఈలోపు తప్పు రేటుకి అమ్మేసిన చేపని పడవలోకి తిప్పలేంగా," అన్నారు.

ఆవిడ ఉద్యోగం మారి వెళ్లాక ఆ కుర్చీ నాకిచ్చారు. మార్పు ఎక్కించే రోజున అది ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది.