ఒక్క వారం వాడి చూస్తానన్న ఓరిన్

ఓరిన్ టిబ్బెట్స్‌కి నచ్చే పిస్తోలు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. అలాగని ఆయన వెతకడం మానలేదు. బెల్‌ఫోర్క్ ఊళ్ళో ఎవరింట్లో తుపాకీ ఉన్నా అది తన చేతికి సరిగ్గా అమరుతుందేమోనని ఆయనకు అనుమానం. అనుమానం తీరాలంటే ఒక్క వారం వాడి చూడాలి. ఆ వారం ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం మిస్సోరి రాష్ట్రంలో ఎవరూ చెప్పలేరు.

డెల్బర్ట్ హాస్క్యూ రివాల్వరు అలా వెళ్ళిందే. చలికాలం మొదట్లో, డెల్బర్ట్ భార్య ఆర్డిత్ పోయి వారం కూడా తిరగకముందు, ఓరిన్ తలుపు కొట్టకుండా వంటింట్లోకి వచ్చేశాడు. బల్లమీదున్న రివాల్వరును చూసి ముక్కు చిట్లించాడు.

"ఏమయ్యా డెల్బర్ట్, దీన్ని తుపాకీ అంటారా? మా అత్తగారి మాంసం రుబ్బే మిషన్ ఇంతకన్నా మెత్తగా తిరిగేది."

"అది మా నాన్నది."

"మీ నాన్న మంచాయనే. చెవుడు కూడా ఉండేది. ఇది కిర్రుమంటే ఆయనకేం తెలుస్తుంది?"

ఎంత దుఃఖంలో ఉన్నా మనిషి ఎంతవరకని ఊరుకుంటాడు. "తీసుకెళ్ళి కాల్చి చూసి, అప్పుడు మాట్లాడు" అన్నాడు డెల్బర్ట్. ఓరిన్ తీసుకెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, పోల్చి చూడటానికి పక్కన ఇంకేదైనా ఉండాలి కదా అంటూ జింకల వేట రైఫిలునీ, దానికి తోడు షాట్‌గన్నునీ పట్టుకుపోయాడు. ఇప్పుడు డెల్బర్ట్ తుపాకుల బీరువాలో ఒక గొడుగు నిలబడి ఉంది.

ఓరిన్ పద్ధతే అంత. ఆయన అడగడు, అవమానిస్తాడు. ఆ ఊళ్ళో ఒకరి తుపాకీ ఇంకొకరు కాల్చి చూడటం మామూలు మర్యాద. తుపాకీ సాధన చేసే షూటింగ్ రేంజిలో పక్కన నిలబడ్డవాడు ముక్కూమొహం తెలియనివాడైనా సరే, 'నాది ఓసారి చూడండి' అని అందిస్తారు. తన తుపాకీకి వంకపెట్టినవాడికి ఇవ్వనంటే ఆ వంక ఉందని ఒప్పుకున్నట్టే. ఓరిన్ ఆ మర్యాదను అడ్డుపెట్టుకుని ఊరిని దోచుకుంటున్నాడని డెల్బర్ట్ అభిప్రాయం.

పోనీ పార్టీలోనైనా నిలకడ ఉందా అంటే అదీ లేదు. బెల్‌ఫోర్క్‌లో తుపాకీ హక్కుల కోసం పోరాడేవాళ్ళు రెండు జట్లు. అఖిల అమెరికా తుపాకీదారుల సంఘం పాతది, పెద్దది. డెల్బర్ట్ దానికి యావజ్జీవ సభ్యుడు. రాజీపడని తుపాకీదారుల సమితి కొత్తది, కోపిష్టిది. పాడి రైతు వేడ్ క్రంప్లర్ దానికి ఊరి అధ్యక్షుడు. రాజధానిలో ప్రభుత్వంతో చేతులు కలిపి సగం హక్కులు ధారపోశారని సంఘాన్ని సమితి తిడుతుంది. ఉత్తరాలు అచ్చువేయడం తప్ప ఏం సాధించారని సమితిని సంఘం అడుగుతుంది. ఉత్తరాల మాట నిజమే. మీ తుపాకులు లాక్కోవడానికి రేపే వస్తున్నారు, కాబట్టి వచ్చే ఏడాది చందా ఈరోజే కట్టండి అని సమితి ఏడాది పొడుగునా రాస్తుంది. సంఘంవాళ్ళు ఆరు తూటాల రివాల్వరు పక్షం, సమితివాళ్ళు ఆటోమేటిక్ పిస్తోలు పక్షం. ఎందుకలా విడిపోయారో ఎవరికీ గుర్తులేదు. లాక్కోవడానికి వచ్చేవాళ్ళను తిట్టుకునేది తక్కువ, ఒకరినొకరు తిట్టుకునేది ఎక్కువ.

ట్వైలా హోటల్లో పొద్దున్నపూట సంఘానికో బల్ల, సమితికో బల్ల. ఓరిన్ ఏ బల్ల దగ్గర కూర్చుంటాడో ముందురోజు ఆయనకే తెలియదు. కూర్చుంటాడనడం కూడా ఎక్కువే.

గురువారం పొద్దున ఆయన సమితి టోపీ పెట్టుకుని వచ్చాడు.

"మళ్ళీనా?" అన్నాడు డెల్బర్ట్, బిస్కట్లనే మెత్తటి రొట్టెల మీద గ్రేవీ పోసుకుంటూ. "మొన్నటిదాకా మా బల్ల దగ్గరే ఏడిశావు కదా."

"మీ సంఘంలో చురుకు తగ్గిందయ్యా."

"నిరుడు సమితిలోంచి వచ్చేస్తూ వాళ్ళకి బుర్ర తక్కువన్నావు."

"పెరిగిందేమో చూద్దామని."

కాఫీ కూజాతో వచ్చిన ట్వైలా ఆయన చేతిలో కప్పు పెట్టింది. "కూర్చుని తాగు బంగారం. నిలబడి తాగితే కాఫీ మోకాళ్ళలోకి దిగుతుంది."

ఓరిన్ కూర్చోలేదు. కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డు చూశాడు. వెనక్కొచ్చి ఉప్పు సీసా మూత బిగించాడు. పక్క బల్ల మీది ఉప్పు సీసా మూత కూడా బిగించి మళ్ళీ కిటికీ దగ్గరికి పోయాడు. "వేడ్ రాలేదే?" అన్నాడు.

"ఆవుల్ని అమ్మేసినప్పటి నుంచీ రావట్లేదుగా" అంది ట్వైలా. "పాలు పితికే పని లేనప్పుడు పొద్దున్నే లేవడం దేనికి అన్నాడట."

"రాకపోతే ప్రశాంతంగా తింటున్నాం" అన్నాడు డెల్బర్ట్. "ఓరిన్, ఇటు చూడు. శనివారం గురి పోటీ. నా రివాల్వరు నాకు కావాలి. దాంతోనే వేడ్‌ని ఓడించాలి."

"ఇంకా తేల్చుకోలేదయ్యా."

"చలికాలం మొత్తం అయిపోయింది."

"పిడి విషయంలో చిన్న అనుమానం."

"నీ అనుమానం తగలెయ్య. పరాయి తుపాకీతో కాలిస్తే పరాయివాడి కట్టుడుపళ్ళతో తిన్నట్టుంటుంది నాకు. పోటీలో ఆ సమితి మొహం నన్ను చూసి నవ్వితే నిన్ను వదలను."

ఓరిన్ మొదటిసారి ఒకచోట ఆగాడు. డెల్బర్ట్ మొహం వంక కాదు, కంచం వంక చూశాడు. అందులో గ్రేవీ మరక కూడా మిగల్లేదు.

"రేపు పొద్దున ఇంటికి రా" అన్నాడు.

ఓరిన్ ఉక్కు బీరువా వంటింట్లోనే, ఫ్రిజ్ పక్కన ఉంటుంది. శుక్రవారం పొద్దున ఆయన దాని తలుపు తీయగానే డెల్బర్ట్‌కి సగం ఊరు కనిపించింది. బెల్‌ఫోర్క్‌లో పక్కింటివాడి పిల్లల పేర్లు తడబడతారేమో గానీ పక్కింటివాడి తుపాకీని పోల్చుకోవడంలో ఎవరూ తడబడరు. పిడి పగిలి టేపు చుట్టిన ఆ నల్ల పిస్తోలు లానీ మెకెల్‌రాయ్‌ది. లానీ భార్య పిల్లల్ని తీసుకుని టల్సా వెళ్ళిపోయింది. ముత్యపు పిడి రివాల్వరు హాలిస్‌ది. కలప మిల్లు మూతపడ్డాక హాలిస్ ఇల్లు కదలడం లేదని అందరూ అనుకుంటున్నారు.

డెల్బర్ట్ రివాల్వరు పాత ఫ్లానెల్ చొక్కాలో చుట్టి ఉంది. అలవాటు ప్రకారం తూటాల చక్రం తెరిచి ఖాళీగా ఉందో లేదో చూశాడు. గొట్టం దగ్గర ముక్కు పెట్టాడు. నూనె వాసన తప్ప కాలిన తుపాకీమందు వాసన లేదు.

"నువ్వు దీన్ని కాల్చనే లేదు."

"వాతావరణం కుదరలేదు" అన్నాడు ఓరిన్.

"చలికాలం అంతా?"

"చలి కదా మరి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గాలి."

"ఒక్క తూటా కాల్చకుండా పిడి మీద అనుమానం ఎలా వచ్చిందయ్యా నీకు?"

ఓరిన్ గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న పొయ్యిని తుడవడం మొదలుపెట్టాడు. డెల్బర్ట్ మళ్ళీ లానీ పిస్తోలు వంక, హాలిస్ రివాల్వరు వంక చూశాడు. ఆర్డిత్‌ని పూడ్చిపెట్టి వచ్చిన ఆ వారం తన వంటింటి బల్ల గుర్తొచ్చింది. శుభ్రంగా ఉన్న రివాల్వరునే తుడిచి, నింపి, ఖాళీ చేసి, మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. ఏమాలోచిస్తూ చేశాడో అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నాడు.

"ఆ రోజు తలుపు కొట్టకుండా వచ్చావు నువ్వు."

"కొడితే తీస్తావో లేదోనని."

"ఇమ్మని అడిగితే ఇచ్చేవాణ్ణి కదా."

"ఏడిశావు. నాకేం కాలేదు, నీ పని చూసుకో పో అనేవాడివి. అందరూ అదే అంటారు. తుపాకీని తిడితే మాత్రం ఒక్కడూ ఆగలేడు."

"మరి ఇప్పుడెందుకు ఇస్తున్నావు?"

"నిన్న కంచం నాకినంత పని చేశావు. పైగా వేడ్‌ని ఓడించి తీరాలంటున్నావు. పగ ఉన్న మనిషి కనీసం శనివారం దాకా బాగానే ఉంటాడు."

డెల్బర్ట్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "ఈ సంఘాలు మారడం కూడా..."

"ఎవరి బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయితే ఆ బల్ల దగ్గరికి పోవాలి కదా. దూరం నుంచి ఏం కనబడుతుంది?" ఓరిన్ గుడ్డ పడేసి వంటింట్లో అటూ ఇటూ తిరగసాగాడు. "వేడ్ ఇవ్వట్లేదయ్యా. మూడుసార్లు వెళ్ళాను. పిస్తోలుని తిట్టాను, తయారుచేసిన కంపెనీని తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను. కుక్కని చూసినట్టు చూసి లోపలికి పోయాడు. నేను తిడితే ఊళ్ళో ఎవడికీ కోపం రావట్లేదిప్పుడు. అలవాటు పడిపోయారు."

"నేను తిడితే?"

"నువ్వు నీ పెళ్ళికి ముందు నుంచీ వాణ్ణి తిడుతూనే ఉన్నావు. నిన్ను చూస్తే తలుపే తియ్యడు."

"అయితే ఏం చెయ్యాలంటావు?"

"తెలిస్తే ఇలా తిరుగుతానా?"

డెల్బర్ట్ చేతిలో నాన్న రివాల్వరు బరువుగా, హాయిగా ఉంది. దాన్ని ఇంకాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి చొక్కాలో చుట్టి, హాలిస్ రివాల్వరు పక్కనే బీరువాలో పెట్టాడు.

"ట్రక్కెక్కు" అన్నాడు.

వేడ్ కొట్టంలో పాల బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు. కట్టుకొయ్యలన్నీ ఖాళీ. ఆవుల కోసం పెట్టే రేడియో మాత్రం ఇంకా పాడుతోంది. నడుముకి పిస్తోలు ఉంది. డెల్బర్ట్ ఓరిన్‌ని ట్రక్కులోనే ఉండమని ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

"ఎగతాళికి వచ్చావా?" అన్నాడు వేడ్ తల ఎత్తకుండా.

"పిస్తోలు సంగతి మాట్లాడాలని."

"తిట్టు. తిట్టి పో. వినడానికి ఓపిక లేదు."

డెల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "నా రివాల్వరు మీద నమ్మకం పోయింది వేడ్. ఆరు తూటాలు చాలట్లేదు."

ఆ మాట బయటికి వస్తుంటే నాలుక మీద ఆముదం పోసుకున్నట్టయింది. వేడ్ తల ఎత్తాడు.

"జ్వరమా?"

"కాదు."

"సంఘంవాళ్ళు పంపారా, నాతో ఏదో అనిపించాలని?"

"సంఘానికి తెలిస్తే రేపు నన్ను బల్ల దగ్గర కూర్చోనివ్వరు."

వేడ్ చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. "ఇంకోసారి అను."

"ఏది?"

"ఆ ఆరు తూటాల మాట."

"చాలవు."

"గట్టిగా."

"చాలవన్నానుగా, నీకు చెవుడా?"

వేడ్ లేచేసరికి బకెట్టు దొర్లుకుంటూ పోయింది. ఊరంతా వినడం మానేసిన ఉపన్యాసం ఒకటి అతని దగ్గర ఎన్నేళ్ళుగానో సిద్ధంగా ఉంది. పిస్తోలు తీసి, పిడిలోంచి తూటాల పెట్టె ఊడదీసి, గొట్టం ఖాళీ అని రెండుసార్లు చూపించి, డెల్బర్ట్ చేతిలో పెట్టాడు. బొటనవేలు అక్కడ కాదు ఇక్కడన్నాడు. మణికట్టు అలా వదిలేస్తే అది పిస్తోలు తప్పవుతుందా, మనిషి తప్పవుతుందా అని అడిగి, జవాబు తనే చెప్పాడు. సంఘంవాళ్ళ పట్టు చూస్తే పాము మెడ పట్టుకున్నట్టుంటుందన్నాడు. డెల్బర్ట్ పళ్ళు బిగించి తల ఊపాడు. యావజ్జీవ సభ్యత్వం ఉన్న మనిషికి అది చిన్న త్యాగం కాదు.

"ఒక్క వారం నా దగ్గర ఉంచి చూస్తాను" అన్నాడు. "రేపు పోటీలో కూడా దీంతోనే కాలుస్తా. అలాగే పోల్చి చూడటానికి, నీ రైఫిలు కూడా..."

వేడ్ తల తిప్పి కొట్టం గుమ్మంలోంచి ట్రక్కు వైపు చూశాడు. అందులో ఓరిన్ కిటికీ అద్దాన్ని పైకీ కిందకీ జరుపుతున్నాడు. వేడ్ చాలాసేపు అటే చూశాడు. డెల్బర్ట్ కిందకి చూస్తూ గడ్డిపరక ఒకటి బూటుతో జరిపాడు.

వేడ్ ఇంట్లోకి వెళ్ళి రైఫిలు తెచ్చి ఇచ్చాడు.

"మరి రేపు నేను దేంతో కాల్చాలి?" అన్నాడు, ట్రక్కు దాకా వచ్చాక.

"నువ్వు కాల్చవు. నా వెనకాల నిలబడి నేర్పుతావు. లేకపోతే నేను దీన్ని నా కాలిమీదే పేల్చుకునేలా ఉన్నాను."

"పేల్చుకుంటావు కూడా" అన్నాడు వేడ్.

ట్రక్కు మట్టిదారి చివరికి వచ్చేసరికి వెనకనుంచి కేక వినపడింది. వేడ్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. చంకలో అట్టపెట్టెలు. రొప్పుతూ వాటిని కిటికీలోంచి ఓరిన్ ఒళ్ళో పడేశాడు.

"తూటాలు లేకుండా ఏం చూస్తావయ్యా? ఇంట్లో ఉన్నవన్నీ ఇవే, తీసుకుపో. రేపు తొమ్మిదింటికి. నేను ముందే వచ్చి ఉంటాను. నువ్వు ఆలస్యంగా వస్తే ఊరుకోను." ఒక్క క్షణం ఆగి ఓరిన్ వైపు చూశాడు. "ఏం ఓరిన్, నీకు నచ్చే తుపాకీ ఇంకా దొరకలేదా?"

"ఎక్కడ దొరుకుతుందయ్యా, అన్నీ నాసిరకమే" అన్నాడు ఓరిన్.

ట్రక్కు రోడ్డెక్కింది. ఓరిన్ తూటా పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కూల్చి, మళ్ళీ పేర్చాడు.

"రేపు నువ్వు ఘోరంగా ఓడిపోతావు" అన్నాడు చివరికి.

"తెలుసు."

"వేడ్ వెనకాల నిలబడి నిన్ను తిడతాడు. మధ్యాహ్నం భోజనాల దాకా తిడతాడు."

"తెలుసన్నానుగా."

"సాయంత్రం దాకా తిట్టేంత అధ్వాన్నంగా కాల్చగలవా?"

డెల్బర్ట్ పక్కన సీటు మీదున్న పిస్తోలు వంక ఓసారి చూశాడు. వేడ్ బొటనవేలు ఎక్కడ పెట్టమన్నాడో అప్పుడే మర్చిపోయాడు.

"దానికోసం నేను కష్టపడక్కర్లేదు" అన్నాడు.