వెనకబడే ప్రాణం

"ఓలమ్మా! రెండు గంటల్లో హైదరాబాదా? గుంట పేనం ఎనకబడిపోదేటి?"

అంత వేగంగా వెళ్తే పాప ప్రాణం దారిలో వెనకే ఉండిపోతుందని పైడమ్మ భయం. కోల్‌కతాకు కాస్త దూరంలోని మా రైల్వే కాలనీలో, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషి. పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద మా పాపను బోర్లా పడుకోబెట్టి వీపుకు నూనె రాస్తోంది. పాప గుండెలో రంధ్రం ఉంది. ఆపరేషన్‌కు కోల్‌కతా నుంచి విమానంలో తీసుకెళ్తున్నాం. దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు, రైల్లో అయితే ఒక రోజు పడుతుంది, పాప తట్టుకోలేదని చెప్పాను.

"ఠీక్ హై, నీ లెక్కలు నువ్వే సూసుకో" అని నవ్వింది.

అంతలో ఆంధ్రా వైపు నుంచి వచ్చే రైలు కూత వినిపించింది. ఆమె చెయ్యి పాప వీపు మీదే ఆగిపోయింది. "రాయే గౌరీ, ఒచ్చేసినాం" అని మెల్లగా పిలిచింది. మా పాప పేరు గౌరి కాదు.

గౌరి ఆమె పెద్దకూతురట. జ్వరంతో ఉన్న పిల్లను విజయనగరం నుంచి రైల్లో తెచ్చింది. నిద్రపోతోంది కదా అని లేపకుండా భుజాన వేసుకుని ఇక్కడ దిగింది. ఆ పిల్ల మళ్లీ కళ్లు తెరవలేదు. పైడమ్మ ఇప్పటికీ ప్రతి రైలుకూ పిలుస్తుంది.

పాపను నా చేతికిస్తూ అంది: "దిగీటప్పుడు పేరెట్టి పిలమ్మా. కళ్లు తెరిసీదాకా అడుగెయ్యకు."

విమానం దిగినప్పుడు పిలిచాను, పాప కళ్లు తెరిచింది. ఇప్పుడు ఆపరేషన్ అయిపోయింది, మత్తు దిగుతోందంటున్నారు. మంచం పక్కన నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నాను.