పురుగులకు మందు

మొన్న మా కోడలు వంటింట్లో బొద్దింక కనబడిందని సగం డబ్బా మందు కొట్టింది. ఇల్లంతా ఘాటు, మేమంతా దగ్గులు, ఆ బొద్దింక మాత్రం మీసాలు సవరించుకుని గ్యాసుబండ వెనక్కి తన దారిన తాను నడిచిపోయింది. కోడలు డబ్బా తిప్పి గడువు తేదీ వెతుకుతుంటే నాకు నవ్వాగలేదు. మందు పాతబడలేదు బిడ్డా, పురుగు ముదిరింది అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, తప్పు ఆమెది కాదు, సిద్దిపేట పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. పత్తి మొదలైన రోజులు చూసినవాళ్లకు, అంటే మీకూ నాకూ, ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు.

తొంభైలు మొదలైన కాలం అది. కొండపాక దిక్కున ఒక ఊరికి నేను కోడలిగా వెళ్లి అప్పటికి కొన్నేళ్లయింది. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటూనే భూమి పంచుకున్నాక మా బావ, అంటే మా ఆయన అన్న, తన పాలులో పత్తి పెట్టాడు. కొన్నేళ్లు పోయాక మేము పట్టు పరిశ్రమ ఆఫీసువాళ్లు చెప్పిన మాట విని మల్బరీ పెట్టాం. వాళ్ల మాట నేను విన్నాను, నా మాట మా ఆయన విన్నాడు, మా అత్త ఎవరి మాటా వినలేదు. ఊరంతా పురుగులను చంపుతుంటే మీరు తెచ్చి సాదుతరా అని మొహం మీదే అడిగింది. పైగా మొదటి విడత పురుగులు రోగం వచ్చి పోయాయి. రెండో విడత కూడా పోయిందంటే మల్బరీ పీకించి పత్తి పెట్టిస్తానని ఆమె తీర్పు చెప్పేసింది, ఆమె తీర్పుకు ఆ ఇంట్లో అప్పీలు లేదు. నాకేమో ఆ తోట ప్రాణం. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అంతవరకు నేను చేసిన ప్రతి పనీ ఇంకొకరు చెప్పగా చేసిందే, ఇదొక్కటే నేను తలపెట్టి చేసింది. దాన్ని అంత తేలిగ్గా పోనిచ్చే మనిషిని కాను నేను.

పత్తి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ నడవదు. మొదటి ఏడు బావ ఒక్కసారి మందు కొడితే పచ్చపురుగు జలజల రాలింది. మరుసటేడు అదే మందుకు సగమే రాలింది. ఆ తరువాత రెండు మందులు కలిపాడు, ఆపైన మూడు కలిపాడు, పురుగు మాత్రం తల కాయలోపల పెట్టి తోక బయట పెట్టి నిమ్మళంగా తింటూనే ఉండేది. మరి చచ్చిందేమిటయ్యా అంటే పేనుబంకను తినే అక్షింతల పురుగులు చచ్చాయి, సాలీళ్లు చచ్చాయి, మా చేను గట్టున తుమ్మచెట్టుకు ఏటా పట్టే తేనెటీగలు ఆ ఏడు రానే లేదు. పచ్చపురుగును పట్టి తినేవాళ్లంతా ముందుగా పోయి, అది ఒక్కటే మిగిలింది. చావకుండా మిగిలిందే కదా పిల్లలను పెట్టేది, గట్టిదాని కడుపున గట్టివే పుట్టాయి. బావకు సాయంత్రంపూట ఇంకో రకం మందు అలవాటు ఉండేది, అందుకని పచ్చపురుగు గూడ నీ లెక్కనే మందుకు మరిగిందని ఊళ్లో వాళ్లు ఆయన్ను ఆటపట్టించేవారు. మొదట్లో ఆయన కూడా నవ్వేవాడు, తరువాత తరువాత నవ్వడం మానేశాడు.

మా పట్టుపురుగులు దీనికి పూర్తిగా తలకిందులు. మనిషి చేతిలో పెరిగీ పెరిగీ వాటికి లోకజ్ఞానం లేకుండా పోయింది. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి ఆకు మీద వాలినా చాలు, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. పత్తిచేను వైపున్న సాళ్ల ఆకు నేను అసలు కోయనిచ్చేదాన్ని కాదు. పురుగులు పెంచే షెడ్డులోకి ఎవరు రావాలన్నా కాళ్లు కడుక్కుని రావాలి, పౌడరు పూసుకోకూడదు, మల్లెపూలు పెట్టుకోకూడదు, ఊదుబత్తి మాట ఎత్తకూడదు. బాలింత ఉన్న ఇంటికి కూడా అన్ని నియమాలుండవని మా తోటికోడలు ఎత్తిపొడిచేది. పురుగు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా పడుకుని కుబుసం విడుస్తుంది చూడండి, దాన్ని మావాళ్లు జ్వరం అనేవారు. జ్వరం నుంచి లేచిన పురుగుల మీద రోగం రాకుండా ఆఫీసువాళ్లిచ్చిన తెల్లటి పొడి చల్లేవాళ్లం. దాన్ని మందు అనేవాళ్లం. జ్వరానికి మందు కాక మరేమంటారు.

రెండో విడత పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. ఇంక కొద్ది రోజులు మేసి గూళ్లు కడితే మేము గట్టెక్కినట్టే. సరిగ్గా అప్పుడు పొడి అయిపోయింది. మా ఆయన సైకిలెక్కి సిద్దిపేటకు పోయాడు, ఆఫీసుకు ఆ రోజు సెలవు, వట్టిచేతులతో తిరిగి రావడం ఇష్టం లేక బజారులో ఎరువుల దుకాణం ముందు సైకిలు ఆపాడు. ఆ తరువాత జరిగింది ఆయన నోటనే ఎన్నిసార్లు విన్నానో, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

"పురుగులకు మందు కావాలె" అన్నాడు ఈయన.

"ఎట్లున్నది పురుగు?"

"తెల్లగ, వేలంత ఉన్నది."

"బాగ తింటున్నదా?"

"తినుడే తినుడు, ఎంత ఆకైనా మిగుల్తలేదు" అన్నాడట మా మహానుభావుడు, కన్నబిడ్డల ముచ్చట చెప్పినంత మురిపెంగా. దుకాణందారు జాలిపడి తన దగ్గరున్నవాటిలోకెల్లా గట్టి పొడి తీసి చేతిలో పెట్టాడు. అతన్ని నేనేమీ అనను. ఆ బజారులో పురుగులకు మందు అంటే అప్పటికి ఒకటే అర్థం, సాదుకునే పురుగుకు మందడిగేవాడు వస్తాడని అతను కల కనలేదు.

నేను తోట నుంచి ఆకు మోపుతో వచ్చేసరికి మా ఆయన షెడ్డు గుమ్మంలో వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు. ఎడమవైపు తట్టల వరుసంతా చల్లేశాడు. "మందు మస్తు పనిచేస్తుంది, సూడు, తలలెత్తి ఆడుతున్నయ్" అన్నాడు. నేను చూశాను. అవి ఆడటం లేదు, తలలు అటూ ఇటూ కొట్టుకుంటూ ఆకుపచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. సంచీ అందుకుని వాసన చూస్తే బావ పత్తిచేను వాసన. ఏడుస్తూ కూర్చోవడానికి సమయం లేదు. కుడివైపు తట్టల్లో పురుగులు ఇంకా ఆకు తింటూనే ఉన్నాయి, ఆ పొడి గాలికి లేచి అటు చేరకముందే వాటిని బయటపడేయాలి. తిట్లు తరువాత తిట్టుకుందామని మా ఆయన చేత చొక్కా విప్పించి, చేతులూ కాళ్లూ కడిగించి తట్ట అందించాను.

అందించాను సరే, ఎక్కడికి? మా ఇంటి వసారాలో బావ మందు కొట్టే పంపు, డబ్బాలు. పక్కింటి దూలానికి పంపు. ఎదురింట్లో వడ్ల గుమ్మి పక్కనే డబ్బాలు. ఏ గుమ్మంలో తల పెట్టినా అదే ఘాటు, అన్నాళ్లూ ముక్కుకు అలవాటై తెలియలేదు గానీ ఊరికి ఊరే మందు వాసన. అప్పుడు తట్టింది నాకు దర్జీ చాచా ఇల్లు. వాళ్లకు సెంటు భూమి లేదు, భూమి లేదు గనుక పంటా లేదు, పంట లేదు గనుక ఆ ఇంట్లో మందు డబ్బా అడుగు పెట్టలేదు. నేను వగర్చుకుంటూ చెప్పింది సగం విని చాచీ కుట్టుమిషను బయటికి లాగించింది. "తీస్కరా బేటీ, ఇల్లు నీది కాదా" అంది. బావ తాను కూడా మోస్తానని వచ్చాడు. ఒంటి మీద మందు వాసన ఉంది, దగ్గరికి రావద్దన్నాను. ఆయన పోయి, బోరు కింద తలారా స్నానం చేసి, పెట్టెలో దాచిన పెళ్లినాటి పంచె కట్టుకుని వచ్చి తట్టలు మోశాడు. ఆయన మీద అప్పటిదాకా నాకున్న కోపాలన్నీ ఆ పూట పోయాయి.

ఎడమ వరుసలో ఒక్కటి కూడా దక్కలేదు. కుడి వరుస చాచా ఇంట్లో మేసింది. చాచాకు అత్తరు పూసుకోనిదే శుక్రవారం నమాజుకు పోయే అలవాటు లేదు, అటువంటి మనిషి సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. ఇదేమిటని అడిగిన వాళ్లతో "ఇంట్ల మెహమాన్లున్నరు, వాళ్లకు వాసన పడది" అన్నాడట. ఆ అతిథులు అక్కడే, ఆ చిన్న గదిలోనే, తెల్లగా గూళ్లు కట్టాయి. మా అత్త చూడ్డానికి వచ్చి ఒక గూడు తీసి చెవి దగ్గర ఊపి, లోపల పురుగు కదిలిన చప్పుడు విని, "ఉండనీ తీ తోట" అని వెళ్లిపోయింది. ఆమె నోట అంతకంటే మెచ్చుకోలు వస్తుందని నేనూ అనుకోలేదు. బావ మాత్రం, "నా పురుగు మందుల ముంచినా చావది, నీ పురుగు వాసనకే చస్తది, ఏందమ్మా గిది" అన్నాడు. నా పురుగుకు అదే మొదటిసారి బావా, నీ పురుగుకు తాతల నాటి అలవాటు అన్నాను. ఆయన నవ్వాడు, ఎన్నాళ్లకో.

తోట నిలబడింది. నా మోకాళ్లు మొరాయించేదాకా నేనే నడిపాను, ఇప్పుడు కొడుకు దగ్గరికి వచ్చేసి కౌలుకిచ్చినా అందులో ఇంకా పట్టుపురుగులే పెరుగుతున్నాయి, ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. చాచా ఎప్పుడో పోయాడు. నిరుడు చాచీ కూడా పోయిందని తెలిసి ఊరికి వెళ్లాను. రెడీమేడు బట్టలొచ్చాక కుట్టుపని ఎన్నడో మూతపడింది, కొడుకులు పొలం కౌలుకు పట్టి పత్తి పెడుతున్నారు, బతకాలి కదా, వాళ్లనేమనగలం. నేను తట్టలు పేర్చిన ఆ గదిలో గోడవారన పంపు ఉంది, పక్కన డబ్బాలు, అదే ఘాటు. గడపలోనే కూలబడి ఏడ్చాను. అందరూ చాచీ కోసమే అనుకున్నారు, నిజమే, చాచీ కోసమే. కానీ మళ్లీ అటువంటి పొద్దు వస్తే తట్ట నెత్తినెత్తుకుని ఏ ఇంటికి పరుగెత్తాలో, ఆ ఊళ్లో ఇప్పుడు నాకు తెలియదు.