ఫోల్డరంటే ఏ గది?

ఆ పెద్దాసుపత్రిలో ఆయన్ని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ ఎక్స్‌ఛేంజి బాబాయి అనే పిలిచేవారు. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. పాతికేళ్ళకు ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ఇరవై రెండేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాడు. లోపలి నంబర్లు నాలుగు వందల పన్నెండు. అన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఏ డాక్టరు ఏ వేళకు ఏ వార్డులో ఉంటాడో, ఎవరు ఫోనెత్తి విసుక్కుంటారో, ఎవరు మూడోసారి మోగితే గాని ఎత్తరో, అన్నీ తెలుసు. ఆయన భార్య అదే ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసేది. పొద్దున ఇద్దరూ కలిసి వచ్చేవారు, సాయంత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని కబుర్లాడుకుంటూ నడిచి వెళ్ళేవారు.

ఇలా సాగుతుండగా ఒకరోజు ఫోన్లన్నీ వాటంతట అవే కలిసే యంత్రం వచ్చింది. కుర్చీ తీసేశారు. మనిషిని తీసెయ్యడానికి మాత్రం సూపరింటెండెంటుకు మనసొప్పలేదు. "టైపింగ్ వచ్చుగా బాబాయీ. డాక్టర్లు రిపోర్టులు మాటల్లో రికార్డు చేసిస్తారు, విని టైపు చేద్దువుగాని" అని రికార్డుల గదికి పంపాడు.

టైపింగ్ బాబాయికి నల్లేరు మీద నడకే. తెర మీదున్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. చిక్కల్లా టైపు చేసినదాన్ని ఎక్కడ దాచాలన్న దగ్గరే వచ్చింది.

నేర్పే పని రికార్డుల గుమాస్తా అమ్మాయి మీద పడింది. చురుకైనదే, కాని మొదటి నుంచీ మౌసుతో, బొమ్మలతో నేర్చుకున్న పిల్ల. "ఏముంది బాబాయి గారూ! ఎడమ పక్కన పసుపు ఫోల్డరుంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది" అంది. అని నాలిక్కరుచుకుంది.

"పసుపు సంగతి తర్వాత చూద్దాం. ఫోల్డరంటే ఏంటమ్మాయీ?"

"ఫోల్డరంటే ఫోల్డరే. ఫైళ్ళు పెట్టుకునేది."

"మరి మనం ఫైలని దేన్నంటాం? కాగితాలు పెట్టుకునేదాన్నేగా?"

"అది బయట ఫైలు. ఇక్కడ ఫైలంటే కాగితమే. ఫైలు పెట్టుకునేది ఫోల్డరు."

బాబాయి బుర్ర గోక్కున్నాడు. మర్నాడు కంప్యూటర్లు చూసే ఆయన వచ్చాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టే కాలం నుంచి ఉన్న మనిషి. "ఫోల్డరూ గీల్డరూ ఏంటి మాస్టారూ, అదంతా బొమ్మల భాష. అసలు పేరు డైరెక్టరీ" అన్నాడు.

బాబాయి మొహం విప్పారింది. "డైరెక్టరీ అయితే నాకు తెలియకపోవడమేంటి? ఇరవై రెండేళ్ళు అదే తిన్నాను, అదే తాగాను. ఎన్ని నంబర్లున్నాయి అందులో?"

"అబ్బే, ఫోన్ డైరెక్టరీ కాదు. ఫైళ్ళ డైరెక్టరీ. డైరెక్టరీలో సబ్ డైరెక్టరీ, దాంట్లో ఇంకో సబ్ డైరెక్టరీ..."

"అంటే ఫోల్డరులో ఫోల్డరు" అని గుమాస్తా అమ్మాయి అందించింది.

"డైరెక్టరీలో డైరెక్టరీ" అని ఆయన దిద్దాడు.

వాళ్ళిద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఒక్కటే వస్తువుకు ఇన్ని పేర్లెందుకో, ఆ వస్తువేమిటో అంతుపట్టక బాబాయి మధ్యలో కూర్చుని చేతులు నలుపుకున్నాడు. చేసిన రిపోర్టులు ఎక్కడెక్కడికో పోయేవి. పిల్లల వార్డు రిపోర్టు కళ్ళ వార్డులో తేలేది. రెండు వారాలు తిరిగేసరికి గుమాస్తా అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. ఒక మధ్యాహ్నం సూపరింటెండెంటు గదికి వెళ్ళి, "సార్, ఆయన చాలా మంచివారు. కాని ఆయన వల్ల కాదు సార్. వేరే ఎక్కడైనా వెయ్యండి" అంది.

సూపరింటెండెంటు, "ఇంకో నెల చూద్దామమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయి దారంతా మాట్లాడలేదు. ఇల్లు చేరాక భార్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "ఏమైందో చెప్పరూ?" అంది.

"ఫోల్డరంటే ఏంటో నాకు తెలియడం లేదే. అందరికీ తెలుసు. నాకే తెలియదు."

ఆమెకూ తెలియదు. అయినా ఊరుకోలేదు. మర్నాడు తానే గుమాస్తా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "అసలు ఆ ఫోల్డరనేది బయట ఎక్కడైనా ఉంటుందా తల్లీ? ఉంటే ఒకటి ఇవ్వు" అని అడిగింది. ఆ అమ్మాయి బీరువాలోంచి ఒకటి తీసిచ్చింది. భార్య దాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. బాబాయి తడిమాడు. మడత విప్పాడు, మూశాడు.

"ఓసి, ఇదా! ఇది అట్ట. అట్ట అని చెప్పుంటే మొదటిరోజే అర్థమయ్యేదిగా!" అని పకపకా నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "కాని అట్టలో అట్ట, దాంట్లో మళ్ళీ అట్ట పది వరసలు ఎలా పడతాయే?"

భార్య ఆలోచించింది. "ఏమో. నాకైతే మా దుప్పట్ల గదిలా ఉంది. ఆసుపత్రిలో మా గది. గదిలో పిల్లల వార్డు బీరువా. బీరువాలో అర. అరలో దొంతర. ఎవరైనా దుప్పటి అడిగితే, ఎలా వెళ్ళాలో చెబుతాం గాని దేంట్లో ఉందో చెప్పం కదా."

బాబాయి చటుక్కున తలెత్తాడు. ఎలా వెళ్ళాలో! ఇరవై రెండేళ్ళుగా తను చేసిన పనే అది. ఈ ఆసుపత్రిని ఆయన ఏనాడూ బొమ్మగా చూడలేదు. మెయిన్ గేటు నుంచి పన్నెండు అడుగులు, కుడికి మళ్ళితే మందుల వాసన, ఎడమకు మెట్లు, మెట్లెక్కితే పిల్లల ఏడుపులు. దారులుగానే తెలుసు. ఆ రోజు నుంచి ఆయనకు ఫోల్డరూ లేదు, డైరెక్టరీ లేదు. గది. గదిలో గది. పేరుకూ పేరుకూ మధ్య వచ్చే ఏటవాలు గీత గుమ్మం. ఆసుపత్రి రిపోర్టులన్నీ దాచే పెద్ద కంప్యూటరు పేరు, గుమ్మం, రికార్డులు, గుమ్మం, పిల్లల వార్డు, గుమ్మం, గుండె, గుమ్మం, సంవత్సరం, గుమ్మం, నెల. బొమ్మల జోలికే పోకుండా, మొత్తం దారిని పేర్లతో టైపు చేసి తిన్నగా లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. నెల తిరిగేలోపు మూడు వందల గదుల దారులు నోటికొచ్చాయి. ఇక రిపోర్టులు దారి తప్పలేదు. గుమాస్తా అమ్మాయి కూడా మళ్ళీ సూపరింటెండెంటు గదికి వెళ్ళలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఒక సోమవారం పొద్దున రికార్డుల గదిలో పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి పెట్టారు. పెట్టినాయన తన పని అయిందని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా సెలవులో ఉన్న కంప్యూటర్ల ఆయనకు ఎంత ఫోను చేసినా కలవలేదు. గుమాస్తా అమ్మాయి కుర్చీలో కూర్చుని తెర వెలిగించింది. ఖాళీ. ఆమె రోజూ నొక్కే పసుపు బొమ్మల్లో ఒక్కటీ లేదు.

"బాబాయి గారూ! ఫోల్డర్లన్నీ పోయాయి!" అని కేకేసింది.

అదే సమయానికి కిటికీ దగ్గరికి ఒక తల్లి పరుగున వచ్చింది. మూడేళ్ళ కొడుకును ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. ఏడాది కిందటి గుండె స్కాను రిపోర్టు చూడందే మత్తు ఇవ్వనని డాక్టరు ఆగిపోయాడు. ఇల్లు మారడంలో కాగితం ఎక్కడో పోయింది. "మీ దగ్గర ఉంటుందన్నారమ్మా. తొందరగా చూడండి తల్లీ" అని కిటికీ చువ్వలు పట్టుకుంది.

గుమాస్తా అమ్మాయి కనిపించిన చోటల్లా నొక్కింది. కన్నీళ్ళు బొటబొటా రాలుతుంటే తెర కూడా సరిగా కనిపించడం లేదు. బాబాయి కంప్యూటరూ కొత్తదే. అది ఇంకా నోరు విప్పడం లేదు, చదివే సాఫ్ట్‌వేర్ పెట్టలేదు. ఆయన బల్లలు తడుముకుంటూ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పోలేదమ్మాయీ. గుమ్మం ముందు బోర్డు తీసేశారంతే, గది ఎక్కడికి పోతుంది? నేను చెబుతాను, నువ్వు కొట్టు."

"ఏం కొట్టాలి?"

"దారి. ముందు రెండు గుమ్మాలు, ఏటవాలు గీతలు. తర్వాత పెద్ద కంప్యూటరు పేరు." అక్షరం అక్షరం చెప్పాడు. "గుమ్మం. రికార్డులు. గుమ్మం. పిల్లల వార్డు. గుమ్మం. గుండె. అమ్మా, స్కాను ఎప్పుడు తీయించారు?"

"పోయినేడు జూన్‌లో" అంది తల్లి.

"గుమ్మం. పోయినేడు. గుమ్మం. ఆరో నెల. ఇప్పుడు ఎంటర్ కొట్టు."

ఫోన్ కలిపేటప్పటి గొంతే అది. తొందర లేదు, తడబాటు లేదు. గుమాస్తా అమ్మాయి ఎంటర్ కొట్టింది. తెర నిండా రిపోర్టులు వరసగా ప్రత్యక్షమయ్యాయి. పిల్లవాడి పేరు వెతికి, ప్రింటు తీసి, కిటికీలోంచి అందించింది. తల్లి దణ్ణం పెట్టబోయి, అంత తీరిక లేక, కాగితం పట్టుకుని పరుగెత్తింది.

మధ్యాహ్నానికి ఆపరేషను బాగా జరిగిందని కబురొచ్చింది. గుమాస్తా అమ్మాయి రెండు టీలు తెచ్చి, ఒక గ్లాసు బాబాయి చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"బాబాయి గారూ, నేనొక తప్పు చేశాను. మీరు కొత్తగా వచ్చినప్పుడు సూపరింటెండెంటు గారితో..."

"నా వల్ల కాదన్నావు."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజు తలుపు తెరిచే ఉంది. నేను వరండాలోనే ఉన్నాను."

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నాతో మామూలుగానే ఉన్నారు."

బాబాయి టీ గుటకేశాడు. "మంచివారన్నావుగా ముందు. ఆ మాటా విన్నాను. పైగా నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది, అప్పటికి నా వల్ల కాలేదుగా. ఏడవకమ్మాయీ, టీ చల్లారిపోతుంది."

ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్ళు ఆ గదిలోనే పనిచేశాడు. ఆ రోజుల్లోనే మరో ఆసుపత్రిలో ఎక్స్‌ఛేంజి మూతపడితే, అక్కడి నుంచి పుట్టుకతోనే చూపులేని ఒక ఆపరేటరమ్మను ఈ రికార్డుల గదికి బదిలీ చేశారు. నేర్పే పని ఈసారి బాబాయికి అప్పగించారు. ఆయన హుషారుగా మొదలుపెట్టాడు.

"చూడమ్మా, ఇది గది. దీంట్లో ఇంకో గది..."

ఆమె కాసేపు మీటలు నొక్కి, చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపింది. "నాకు గదుల్లా లేదండీ. మెట్లలా ఉంది. లోపలికి వెళ్తే ఒక మెట్టు దిగడం, వెనక్కి వస్తే ఒక మెట్టెక్కడం."

"మెట్లేంటమ్మా? గదులు..." బాబాయి ఏదో చెప్పబోయాడు. పక్క బల్ల దగ్గర గుమాస్తా అమ్మాయి నవ్వాపుకోవడం ఆయనకు వినిపించింది. తనూ నవ్వేశాడు.

"సరే, మెట్లే. ఇప్పటికి ఎన్ని దిగావు?"

"మూడు."

"ఇంకొకటి దిగు" అన్నాడు బాబాయి, తన కుర్చీని ఆమె పక్కకు జరుపుకుంటూ.